చంక తూకం

స్వరాజ్యలక్ష్మి టీచరమ్మ పిల్లను చంకనెత్తుకుని నాలుగడుగులు వేసిందంటే బరువు చెప్పేసేది. ఏడు కిలోల ఎనిమిది వందలు అనేది. ఎవరైనా నవ్వితే తక్కెడ తెచ్చి దూలానికి వేలాడదీసి, నిక్కరులాంటి ఆ గుడ్డసంచిలో పిల్లను కూర్చోబెట్టి చూపించేది. వంద గ్రాములు అటో ఇటో, అంతే తేడా.

చంద్లాపూర్ అవతలి ఊళ్లో ముప్ఫై నాలుగేళ్లుగా అంగన్‌వాడీ నడుపుతున్న మనిషి ఆమె. తండ్రి దొరలతో కొట్లాడినవాడు కాబట్టి బిడ్డకు అంత పేరు పెట్టుకున్నాడు. ఊరివాళ్లు అంత పేరును రోజూ మోయలేక టీచరమ్మ అన్నారు. ఊళ్లో ఇప్పుడు ముప్ఫై ఏళ్ల లోపున్న వాళ్లలో ఆమె చంక ఎక్కనివాళ్లు లేరు.

మెచ్చుకోలు మనిషికి అంత మంచిది కాదు. "టీచరమ్మ చంకకు తక్కెడ ముల్లు ఉన్నది" అని పదిమంది అంటూ ఉంటే, ఉన్నదేమోనని ఆమె కూడా అనుకుంది. తర్వాత జరిగిందంతా ఆ అనుకోవడం వల్లనే జరిగింది. ఆ మాట ఇప్పుడు ఆమే చెబుతుంది, అడగకపోయినా చెబుతుంది.

రెండువేల రెండులో మృగశిర కార్తె మొహం చాటేసింది. అంతకుముందు ఏడు అంతంతే, మరుసటి ఏడు కూడా అంతే. రోహిణిలో దుక్కి చేసిపెట్టుకున్న చేలు ఆరుద్ర దాటినా విత్తనం మొహం చూడలేదు. బావులు అడుగంటాయి. బోరు వేస్తే తెల్లటి దుమ్ము లేచి పక్కింటి కప్పు మీద పడింది. ఎడ్లు అంగడికి పోయాయి, మగవాళ్లు భివండీకి పోయారు. బడి రిజిస్టరులో ఆడపిల్లల పేర్లు అట్లాగే ఉన్నాయి, పిల్లలు మాత్రం ఊరి బయట ఒకే ఒక్క చేతిపంపు దగ్గర బిందెలతో వరుసలో ఉన్నారు. ఇళ్లలో పొద్దున జొన్న గట్క, సాయంత్రం పస్తు. పాలు తాగే పిల్లలకు తల్లి దగ్గర పాలు లేవు, ఎందుకంటే తల్లికి తిండి లేదు. ఇందులో చెప్పుకోవడానికి పెద్ద రహస్యమేమీ లేదు.

అప్పుడు నర్సమ్మకు ఇరవై రెండేళ్లు. మొగుడు ఉప్పలయ్య మగ్గం విప్పి అటక మీద పెట్టి, భివండీలో మరమగ్గాల మీద రాత్రి పాళీ పనికి కుదిరాడు. నర్సమ్మ కరువు పనికి, అంటే కుంటల్లో మట్టి తీసే పనికి పోయేది. ఏడాదిన్నర బిడ్డ సౌమ్యను పొద్దున్నే తెచ్చి టీచరమ్మ చేతుల్లో పెట్టి, పొద్దుగూకాక వచ్చి తీసుకునేది.

సౌమ్య కంటే ముందు నర్సమ్మకు ఒక కొడుకు పుట్టాడు. బొద్దుగా ఉండేవాడు. ఒకరోజు సెంటరులో అందరి ముందు వాడిని తక్కెడకు వేశారు. ముల్లు చాలా దూరం జరిగింది. "అబ్బో, మస్తున్నడు పిలగాడు" అన్నారు ఎవరో. నెల తిరక్కుండా వాంతులు, విరేచనాలు పట్టుకుని మూడు రోజుల్లో పోయాడు. తూకానికి ఎక్కిన పిల్ల తరుగుతుందని ఆ ఊళ్లో సగం మంది తల్లులు ఊరికే అనేవారు. నర్సమ్మ మాత్రం ఆ మాటను ఒంటి మీద పచ్చబొట్టులా పొడిపించుకుంది.

"టీచరమ్మా, నీ కాళ్లు మొక్కుత. నా బిడ్డను గా సంచిల ఎయ్యకు. నువ్వు ఎత్తుకుంటే సాలదా? నీ చంకకు తెల్వనిదేముంటది?" అంది.

నిజంగానే కాళ్ల మీద పడింది. టీచరమ్మ ఆమెను లేపి, "ఎయ్యనులే నర్సమ్మా, నువ్వు పనికి పో" అంది. జాలిపడే ఆ మాట అంది. దాంతోపాటు తన చంక మీద తనకున్న గర్వం కూడా కాస్త ఉందని ఇప్పుడు ఒప్పుకుంటుంది.

ప్రతి నెలా మొదటి వారం బరువులు రాయాలి. మిగతా ఇరవై ఒక్క మందిని సంచిలో వేసి తూచింది. సౌమ్యను మాత్రం చంకనెత్తుకుని, గడప నుంచి పొయ్యి దాకా నడిచి రాసింది. రెండువేల మూడు ఏప్రిల్‌లో రాసిన అంకె ఎనిమిదిన్నర కిలోలు. తర్వాతి నెలల్లోనూ అటూ ఇటూగా అదే రాస్తూ పోయింది.

ఆ అంకె ఎట్లా వచ్చిందో ఆమె తర్వాత చాలాసార్లు ఆలోచించింది. చంక తూకమంటే ఒక పిల్లను ఇంకో పిల్లతో పోల్చడమే కదా. చుట్టూ ఉన్న పిల్లలంతా ఎండిపోతూ ఉంటే, వాళ్లలో ఒకతె కాస్త బరువుగా తోచడంలో వింత లేదు. పైగా టీచరమ్మ ఇంట్లో కూడా ఒంటిపూట తిండే. నీరసించిన చేతికి దూది మూట కూడా బరువే. పిల్ల బరువుగా ఉందా, తన చేయి బలహీనంగా ఉందా అన్నది చంక చెప్పదు. తక్కెడ అక్కడే దూలానికి వేలాడుతూ ఉంది, అడిగితే చెప్పేది.

ఎనిమిదిన్నర అంటే ఆ వయసుకు గండం లేనట్టే. తక్కువ బరువున్న పిల్లలకు, అంటే మూడో గ్రేడు, నాలుగో గ్రేడు అని రాసినవాళ్లకు, సర్కారు పిండి రెండింతలు ఇచ్చేవారు. సిద్దిపేట పెద్ద దవాఖానకు చీటీ కూడా రాసేవారు. ఆ ఊళ్లో అట్లా తొమ్మిది మందికి రెండేసి పాకెట్లు అందాయి. సౌమ్యకు ఒకటే అందింది. ఆ ఒక్కటీ నర్సమ్మ ఇంట్లో నీళ్లు పోసి పలచగా కాచి, తానూ, అత్తా, బిడ్డా తాగేవారని టీచరమ్మకు తెలుసు. తెలిసీ, పిల్ల బాగానే ఉంది కదా అనుకుంది.

మరుసటేడు ఊళ్లో పిల్లల బరువులు చూసే క్యాంపు పెట్టారు. కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ మేడం ఎవరి మొక్కులూ వినకుండా అందరినీ సంచిలో వేసింది. నర్సమ్మ ఆ పూట పనిలో ఉంది. సౌమ్య ఏడు కిలోల తొమ్మిది వందలు తూగింది. రెండున్నరేళ్ల పిల్ల. మేడం పాత రిజిస్టరు తిప్పి, "ఏడాది కింద ఎనిమిదిన్నర ఉంది కదమ్మా, తగ్గిందేంటి?" అని అడిగింది.

"విరేచనాలు పట్టుకున్నయి మేడం, పోయిన నెల" అంది టీచరమ్మ.

పట్టుకోలేదు. నర్సమ్మ కొడుకును తీసుకుపోయిన ఆ రోగాన్నే కూతురి పేరు మీద అబద్ధానికి వాడుకుంది. ఆ అబద్ధం నోట్లోంచి అంత సులువుగా ఎట్లా వచ్చిందని ఆమెకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఆ నెల నుంచి సౌమ్యకు రెండు పాకెట్లు ఇచ్చింది. తన ఇంటి గుడ్డు ఒకటి రోజూ కొంగులో దాచి తెచ్చి పెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. పాత రిజిస్టర్లన్నీ ఆఫీసుకు పంపినప్పుడు ఆ ఒక్క రిజిస్టరు మాత్రం పంపలేదు. ఎవరూ అడగలేదు కూడా.

తర్వాత ఏళ్లు ఏళ్లుగానే గడిచాయి. మంచి ఏడు ఒకటి, చెడ్డ ఏడు రెండు. చివరికి చంద్లాపూర్ దగ్గర కట్టిన రంగనాయక సాగర్ రిజర్వాయరు నిండింది. ఇప్పుడు ఆదివారం వస్తే సిద్దిపేట వాళ్లు బండ్లేసుకొచ్చి కట్ట మీద ఫోటోలు దిగుతున్నారు. ఊరి చెరువు నిండి మత్తడి దూకుతోంది, రెండు పంటలూ వరే. కరువు అంటే నేటి పిల్లలు నవ్వుతారు. చెరువుకైతే కాలువ తూము తెరిచి నీళ్లు పెట్టొచ్చు. ఎండిన ఏడాది పెరగాల్సిన ఎముకకు అట్లాంటి తూము ఏదీ లేదు.

సౌమ్య మాత్రం పొట్టిగానే పెరిగింది. పొట్టి అయితే ఏం, పరుగులో ఆ పిల్లను పట్టుకున్నవాళ్లు మండలంలో లేరు. డిగ్రీ చదువుతూ పోలీసు ఉద్యోగానికి కాగితం పెట్టింది. మొదటి పరీక్ష రాసి నెగ్గింది. ఇక మిగిలింది పరుగు, ఎత్తు, దూకడం. అమ్మాయిలకు నూట యాభై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి.

ఉప్పలయ్య భివండీ నుంచి దగ్గు ఒక్కటే మిగుల్చుకుని ఇంటికి వచ్చి అయిదేళ్లయింది. ఇంటికి ఆధారం ఆ పిల్లే కావాలి. అది నర్సమ్మకు తెలుసు, పిల్లకూ తెలుసు, టీచరమ్మకు మరీ బాగా తెలుసు.

అంగన్‌వాడీకి ఎత్తు కొలిచే కొత్త పలక వచ్చింది. గోడకు నిలబెట్టి, పైనున్న కడ్డీని నెత్తి మీదికి దించితే అంకె కనిపిస్తుంది. సౌమ్య నెలకోసారి వచ్చి, చెప్పులు విడిచి, మడమలు ఆనించి నిలబడేది. పొద్దున్నే బడి గేటు పైకమ్మీ పట్టుకుని వేలాడేది. దిండు మానేసింది. ఎవరో చెప్పారని నానబెట్టిన శనగలు బుగ్గల్లో నింపుకుని నమిలేది. ఇరవై ఒక్కేళ్లకు ఎముక పెరగదని టీచరమ్మకు ట్రైనింగులో చెప్పారు. చెప్పినవాళ్లు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. కమ్మీకి వేలాడే ఆ పిల్లను రోజూ పొద్దున సెంటరు తలుపు తీస్తూ చూసేది. చూసి లోపలికి పోయేది.

అక్టోబరులో ఒక సాయంత్రం సౌమ్య పరుగెత్తుకుంటూ వచ్చింది. సిద్దిపేటలో నర్సింగు సీటు వచ్చిందట, ఎల్లుండితో గడువు అయిపోతుందట.

"టీచరమ్మా, ఒక్కపారి కొలువు. ఎత్తు సాలదంటే నర్సింగుల జేరుత. సాలేటట్టుంటే గీ రెండు నెలలు గ్రౌండు మీదనే ఉంట" అంది.

టీచరమ్మ కడ్డీ దించింది. నూట యాభై. సెప్టెంబరులో ఎంతో ఆ రోజూ అంతే, వెంట్రుకవాసి జరగలేదు. పిల్ల ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని నిలబడి ఉంది. ఆ మొహం చూస్తే టీచరమ్మకు ఏడాదిన్నర పిల్ల మొహం కనిపించింది. తాను తక్కెడకు వేయని పిల్ల.

"నూట యాభై ఒకటిన్నర దాటినట్టుందే" అంది. "పెరుగుతున్నవు. ఇంక రెండు నెలలున్నది గద, అయితది."

సౌమ్య ఎగిరి ఆమె మెడకు చుట్టుకుంది. నర్సింగు సీటు గడువు దాటి పోయింది.

ఇరవై ఏళ్ల కిందటి తప్పుకు కరువు మీద నెపం పెట్టొచ్చు. దీనికి ఏం చెబుతుంది? పరీక్షకు ఇంకా ఏడు వారాలు ఉన్నాయి. ఈలోగా నిజం చెప్పేయాలని మూడుసార్లు నర్సమ్మ ఇంటికి పోయింది. ఒకసారి ఉప్పలయ్య దగ్గుతూ కూర్చున్నాడు. ఒకసారి నర్సమ్మ చాయ్ పెట్టింది. మూడోసారి సౌమ్య వాకిట్లో తాడాట ఆడుతూ, "ఇంక ఒక్క సెంటీమీటరు టీచరమ్మా" అని నవ్వింది. మూడుసార్లూ చెప్పాల్సింది చెప్పకుండానే లేచింది. ఆ చాయ్ మాత్రం తాగి వచ్చింది.

డిసెంబరులో చలిపొద్దున సిద్దిపేట గ్రౌండులో పరీక్ష జరిగింది. ఎనిమిది వందల మీటర్లు సౌమ్య అందరికంటే ముందు ఉరికింది. వెంటనే ఎత్తు కొలిచే యంత్రం కింద నిలబెట్టారు. యంత్రం కూత పెట్టి నూట యాభై అంది. ఇంకోసారి కొలవమని అడిగితే ఇంకోసారి కొలిచారు. అప్పుడూ అంతే అంది. బయటికి పంపేశారు.

ఆ సాయంత్రం టీచరమ్మ సెంటరుకు తాళం వేస్తుంటే నర్సమ్మ వచ్చింది. మెట్టు మీద కూర్చుంది. 

"పిల్ల తింటలేదు, మాట్లాడుతలేదు" అంది. "అంత నా పాపమే టీచరమ్మా. నా పాలు సాలలె. పసిదాన్ని ఇడిసిపెట్టి కుంటల మన్ను దియ్యవోయిన. ఇంటికాడ ఉండి గంత గట్క ఎక్కువ వోస్తే, రెండు వేళ్లు ఎత్తు పెరగకపోవునా? గిదే ఆలోచన జేస్తున్న పొద్దటి సంది."

టీచరమ్మ చేతిలో తాళంచెవి తిరగలేదు. ఈ మనిషి ఇరవై ఏళ్లుగా తన వంతు కాని బరువు మోస్తోందని, అది తానే ఎత్తి పెట్టిన బరువని అప్పుడు గానీ ఆమెకు తలకెక్కలేదు. ఇప్పటిదాకా తాను పిల్ల సంగతే ఆలోచించింది, తల్లి సంగతి ఆలోచించనే లేదు.  

"రేపు పొద్దుగాల పిల్లను తోల్కరా నర్సమ్మా. నీ ఒక్కదానితోని గాదు, మీ ఇద్దరితోని మాట్లాడాలె" అంది.

మర్నాడు ఆదివారం. పిల్లలెవరూ లేని సెంటరులో ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. సౌమ్య కళ్లు ఉబ్బి ఉన్నాయి. టీచరమ్మ రేకుపెట్టె తీసి, పిల్లల పలకల కింది నుంచి పాత రిజిస్టరు బయటికి లాగింది. అట్ట చెదలు తిన్నది. రెండువేల మూడు ఏప్రిల్ పేజీ ముందే గుర్తు పెట్టి ఉంచినట్టు ఒక్కసారికే తెరుచుకుంది.

చెప్పింది. నర్సమ్మ మొక్కింది, తాను ఒప్పుకుంది, చంకనెత్తుకుని రాసింది, రెండో పాకెట్టు ఇవ్వలేదు, మేడంతో విరేచనాలని అబద్ధమాడింది. ఒకదాని వెనక ఒకటి, ఆగకుండా చెప్పింది. ఆగితే మళ్లీ చెప్పలేనని భయం.

నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే అద్దన్న గద టీచరమ్మా" అంది.

తిలాపాపం తలా పిడికెడు అని పంచుకుంటే టీచరమ్మ వంతు తేలికయ్యేది. అట్లాంటి తేలికకు ఆమె ఇన్నాళ్లూ బాగానే అలవాటు పడింది.

"నువ్వు తల్లివి, అద్దంటవు. కొడుకు వోయినదానివి. నువ్వు అద్దన్నా తూకమెయ్యాల్సింది నేను. అందుకే గద నాకు సర్కారు జీతమిచ్చింది."

సౌమ్య రిజిస్టరును తన వైపు తిప్పుకుంది. తన పేరు, తండ్రి పేరు, పక్కన ఎనిమిదిన్నర. వేలు పెట్టి చదివింది.

"నిజంగ ఎంతుంటి అప్పుడు?"

"తెల్వది బిడ్డా."

"అంటే?"

"తూకమెయ్యలె గద. ఎంతున్నవో నాకు తెల్వది, మీ అమ్మకు తెల్వది. ఇంక ఎవ్వలికి తెల్వది."

సౌమ్య ఆ అంకెను అట్లాగే చూస్తూ ఉండిపోయింది. బయట ఎవరిదో ట్రాక్టరు వరినారు వేసుకుని పోతోంది.  చెప్పాల్సింది ఇంకొకటి మిగిలి ఉంది. దాన్ని చెప్పకుండా లేచిపోతే ఇప్పటిదాకా చెప్పిందంతా వృథా అని టీచరమ్మకు తెలుసు.

"మొన్న అక్టోబరుల గూడ," అంది, "నూట యాభయ్యే ఉండెనే. ఒకటిన్నర లేకుండె. నీ మొఖం జూసి నోరు రాక అట్ల జెప్పిన."

నర్సమ్మ దిగ్గున తల ఎత్తింది. సౌమ్య గట్టిగా అరుస్తుందనుకుంది టీచరమ్మ. అరిస్తే బాగుండునని కూడా అనుకుంది. కానీ ఆ పిల్ల మెల్లగానే మాట్లాడింది.

"అప్పటిది సరే. కరువంటివి, అమ్మ కాళ్లు మొక్కిందంటివి. మరి మొన్నటి సంగతేంది టీచరమ్మా? మొన్న కరువు లేకుండె గద."

  కరువు పోయి ఎన్నాళ్లయినా దొంగలెక్క తనలో మిగిలే ఉందని, ఎదుటి మనిషి బాధ చూడలేక అంకె మార్చే గుణం కరువుది కాదు, తనదేనని ఆ క్షణంలో టీచరమ్మకు తెలిసింది. 

సౌమ్య లేచింది. వెళ్లిపోతుందనుకుంటే తలుపు వైపు పోకుండా ఎత్తు పలక దగ్గరికి పోయి నిలబడింది. మడమలు గోడకు ఆనించింది, గదుమ పైకెత్తింది. ఈసారి కళ్లు మూసుకోలేదు.

"కొలువు" అంది.

టీచరమ్మ కళ్లద్దాలు తెచ్చుకుంది.  కడ్డీని నెత్తి మీదికి దించి, అంకెను దగ్గరగా చూసింది. ఒకసారి చూసి, సరిపోక మళ్లీ చూసింది.

"నూట యాభై."

"రాయి."

సెంటరు రిజిస్టరులో ఆరేళ్లు దాటిన పిల్లలకు గడి లేదు. టీచరమ్మ చివరి పేజీ తిప్పి, తేదీ వేసి, సౌమ్య, ఉప్పలయ్య బిడ్డ, వయసు ఇరవై ఒకటి, ఎత్తు నూట యాభై అని రాసింది. సౌమ్య వంగి ఆ అంకె చదివింది. తర్వాత చెప్పులు వేసుకుని, తల్లి కోసం ఆగకుండా ఇంటి వైపు నడిచింది.